ఫోటో తాతకు పట్టుకున్న వెలుతురు భయం

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆయన 'కదలొద్దు' తాత. ఏళ్ల తరబడి స్టూడియోలో ఆ ఒక్క మాటే అని అని, ఇంట్లో అమ్మమ్మ గ్లాసులో మంచినీళ్లు పోస్తున్నా "కదలొద్దు" అనేసేవాడు. "కదలకపోతే నీళ్లెవరు పోస్తారు, మీ కెమెరానా?" అనేది అమ్మమ్మ.

ఇంటి ముందు గదే స్టూడియో. వెనకున్న చీకటి గదిలో ఫోటోలు కడిగేవాడు. అక్కడ ఒక ఎర్ర బల్బు, మందునీళ్ల తొట్టెలు, తీగకు క్లిప్పులతో వేలాడే తడి ఫోటోలు. కడగని రీలు బయటికి తీసినప్పుడైతే ఆ ఎర్ర బల్బు కూడా వెలగడానికి వీల్లేదు. ఒకసారి అలాంటి సమయంలోనే అమ్మమ్మ తాళంచెవి కోసం తలుపు తీసింది. వెలుతురు తగిలి ఒక పెళ్లి రీలంతా పాడైపోయింది. పెళ్లివాళ్లు మళ్లీ ముస్తాబై వచ్చి నిలబడ్డారు గానీ, పెళ్లికూతురి మొహం చూస్తే ఫోటోలోంచి దిగి వచ్చి కొట్టేలా ఉంది. అప్పటినుంచి తాతకు తలుపు సందులోంచి వచ్చే వెలుతురన్నా హడలే.

అలాంటి మనిషి కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది. నాలుగో నెల. తాత సంబరం పట్టలేక ఆమెను స్టూడియోలో కూర్చోబెట్టి, పెద్ద దీపాలు రెండూ వెలిగించి, ఫ్లాష్ మీద ఫ్లాష్ కొట్టి ఫోటోలు తీశాడు. ఫోటోలు చక్కగా వచ్చాయి.

కొన్నాళ్లకు ఆసుపత్రిలో నర్సుగా చేసే మేనకోడలు చూడ్డానికి వచ్చింది. మాటల మధ్యలో కూతురితో, "నీకు మొదటి వాంతి రాకముందే బిడ్డకి కళ్లు మొలకెత్తడం మొదలైపోయింది తెలుసా? నాలుగో నెలకల్లా గుడ్లు అటూ ఇటూ కదులుతాయి కూడా" అంది.

పక్కగదిలో నెగెటివ్‌లు తుడుస్తున్న తాత గుండె గుభేలుమంది. ఇంకా తయారుకాని కళ్లంటే ఇంకా కడగని రీలే కదా! దానిమీద అన్ని ఫ్లాష్‌లు కొట్టాడు. సొంత చేతులతో.

ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి కిటికీలు మూయడం మొదలుపెట్టాడు. కూతురు ఎండపొడలో కూర్చుంటే చాలు, కెమెరా మీద కప్పే నల్లగుడ్డ తెచ్చి పొట్ట మీద కప్పేవాడు.

"ఏంటి నాన్నా ఇది? ఉక్కతో చస్తున్నాను."

"చలిగాలి తగులుతుందమ్మా."

"ఈ ఎండలో చలిగాలా?" అని అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "మనవడు పుడితే నెగెటివ్‌లో పుడతాడు లెండి, మీ ధర్మమా అని."

ఆ మాటకు తాత నవ్వలేదు. అన్నం కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పుడు అనుమానం వచ్చింది అమ్మమ్మకి. మేనకోడల్ని పిలిపించి, ఆయన్ని పట్టుకుని ఇద్దరూ నిలదీస్తే, తల వంచుకుని అంతా కక్కేశాడు.

మేనకోడలు నవ్వింది గానీ, పక్కనే కూర్చుని చేయి పట్టుకుంది. "మామయ్యా, ఆ నెలల్లో బిడ్డ రెప్పలు అతుక్కునే ఉంటాయి. ఆరు నెలలు నిండాకే విడతాయి. పైగా చర్మం, కండ, ఉమ్మనీరు అన్నీ దాటి లోపలికి ఏమాత్రం వెలుతురు పోతుందనుకున్నావ్? మసగ్గా, ఎర్రగా, కాస్తంత. అచ్చం నీ చీకటి గదిలాగే."

"నా గదిలాగా?"

"అవును. నీ ఫ్లాష్‌కి బిడ్డకి ఏం కాదు. ముందు ఆ కిటికీలు తెరువు, పిల్ల ఉడికిపోతోంది."

తాత కిటికీలు తెరిచాడు. అన్నం కూడా తిన్నాడు. కానీ మనసులో ముల్లు పూర్తిగా పోలేదు. కళ్లారా చూస్తే గానీ నమ్మే రకం కాదు.

ఆడపిల్ల పుట్టింది. తాత ఆసుపత్రి గదిలోకి వెళ్లి, అలవాటు కొద్దీ మంచానికి దూరంగా, కెమెరా పెట్టే చోటు చూసుకుని నిలబడ్డాడు. చిటికెలు వేశాడు. చేతులు ఊపాడు. పాప ఎటో చూస్తోంది. తాత మొహం పాలిపోయింది.

"చూడట్లేదే..." అన్నాడు.

"మామయ్యా, అంత దూరంలో దానికి నువ్వూ గోడా ఒకటే" అంది మేనకోడలు. "అప్పుడే పుట్టిన పిల్లలకి జానెడు, మహా అయితే ఇంకాస్త దూరం దాకానే తేటగా ఆనుతుంది. పాలు తాగుతూ అమ్మ మొహం చూసేంత. దగ్గరికి రా."

తాత దగ్గరికి జరిగాడు. వంగాడు. ఇంకా వంగాడు. పాప కళ్లు కాసేపు గాలిలో తేలి, ఆయన నల్లటి కళ్లజోడు అంచు మీద వాలి, అక్కడే ఆగిపోయాయి. తాత మెల్లగా తల పక్కకి జరిపాడు. ఆ చూపు కూడా, తడబడుతూ, వెంట వచ్చింది.

"ఏమండీ, నడుం పట్టేస్తుంది, ఇక లేవండి" అంది అమ్మమ్మ.

"ఉండవే. చూస్తోంది."

పాప చిన్నగా ఆవులించి కళ్లు మూసుకుంది. తాత మాత్రం మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు, మళ్లీ ఎప్పుడు తెరుస్తుందా అని.