‘కె’ అంటే

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్తున్న బస్సులో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. ఆమె ఒళ్లోని సంచిలో సాన పట్టిన కొడవళ్లున్నాయి. ఫోన్లో కూతురితో మాట్లాడడం అయ్యాక నావైపు తిరిగింది.

“మా బిడ్డ కంపెనీల పెద్దసారు ఇంటిపేరు స్మిత్ అంట. గా పేరుకు మతలబేంది బిడ్డా?”

“కమ్మరి అని అవ్వా. వాళ్ల తాతలు కొలిమి పని చేసినోళ్లయి ఉంటరు.”

ఆమె ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కుంది.

“మేము గూడ కమ్మరోళ్లమే. ఆఫీసుల నవ్వుతరని మా పిల్ల ఆ పేరు రాసుకోదు. ఉత్త ‘కె’ అని పెట్టుకున్నది.”

ఆమె మళ్లీ కూతురికి ఫోన్ చేసింది.

“మీ సారు ఇంటిపేరు ఎట్ల రాసుకుంటడే? ఉత్త ‘ఎస్’ అనా, పూర్తిగనా?”

జవాబు విని ఫోన్ సంచిలో పెట్టుకుంది. “పూర్తిగనే రాసుకుంటడంట,” అంది మెల్లగా. కనకమామిడి దగ్గర దిగిపోయింది.

నా పేరు ముందు కూడా ‘కె’ ఉంది. మొన్న గేటుకు కొత్త బోర్డు రాయించేటప్పుడు పెయింటర్ అలవాటుగా ఆ ఒక్క అక్షరమే రాయబోయాడు.

“పూర్తిగ రాయన్నా,” అన్నాను. “కుమ్మరి.”