అన్నం మానిన పదో రోజు

ఒళ్ళు తగ్గకపోతే గుండెకు ముప్పని, అన్నం మానెయ్యమని ఏలూరు డాక్టరుగారు హెచ్చరించారు. పదో రోజున మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళడానికి తాడేపల్లిగూడెంలో రైలెక్కాను. ముందురోజు ఉండబట్టలేక గిన్నెడు చద్దన్నం తిన్నాను. ఆయనకేం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఎదురుగా బురఖాలో ఉన్న లావుపాటి ఆవిడ టిఫిను విప్పారు. అందులో వేయించిన కొల్లేటి చేపలే ఉన్నాయి, అన్నం లేదు.

"మీరూ మానేశారాండీ?" అన్నాను.

"నెల్లాళ్ళయిందండి. మధ్యలో మూడుసార్లు తినేశాను. మర్నాడు మళ్ళీ మానేశానండి."

"నేను నిన్ననే తిన్నానండి."

ఆవిడ నా చేతిలో చేపముక్క పెట్టారు. "అయితే ఇవాళ మానెయ్యండి. నేనూ తిననండి."

డాక్టరుగారికి నిజమే చెప్పాను. ఒళ్ళు తగ్గడానికి ఏడాది పట్టింది. అన్నాళ్ళూ కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, ఆవిడ ఇవాళ ఏం తిన్నారో అనిపించేది.