ఆదివారానికి కుదిరిన హామ్ శాండ్‌విచ్‌లు

సారపాక క్వార్టర్స్‌లో మా వరుస ఇళ్లలోని ముప్పై మందికి హామ్, చీజ్ పెట్టిన వేడి శాండ్‌విచ్‌లు చేస్తానని నోరు జారాను. హామ్ అంటే ఉప్పులో ఊరేసిన పందిమాంసమని ముందే చెప్పాను. పందికి ఎవరూ అడ్డు చెప్పలేదు. గొడవంతా రోజు దగ్గరే వచ్చింది. సోమవారం ఒకరు నీసు ముట్టరు, మంగళవారం ఇంకొకరు, గురు, శుక్ర, శనివారాలకు మరికొందరు. బుధవారం సగం మందికి డ్యూటీ. ఆదివారమని తేల్చేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున బన్నులు కోసి, హామ్, చీజ్ సర్ది, వెన్న రాసి, ట్రేలన్నీ బేకరీకి మోసుకెళ్లి వాళ్ల ఓవెన్‌లో కాల్పించాను. చీజ్ సాగుతుండగానే తెచ్చి మా వరండాలో పెట్టాను. అందరూ తలా సగం తిని, బాగుందని లేచారు.

"గప్పుడే లేస్తున్నవేంది వదినా?" అని పక్కింటావిడను అడిగాను.

"మంచిగనే ఉంది గానీ, ఆదివారం గదా. ఇంట్ల కోడికూర పొయ్యి మీదున్నది. రొట్టెతోని ఎట్ల సరిపెట్టుకుంటం?"

మిగిలిన ట్రేలు ఎత్తుకుని విసురుగా లోపలికి వెళ్లాను. వంటింట్లో మా ఆయన కోడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నాడు.