నేను రాసిన నారు, సర్కారు చదివిన నారు

మన పాలసీ కమిటీల నుంచి నా పేరు కొట్టేయండ్రి. ఎందుకంటరా? ఈ సెలవులల్ల మా ఊరికి పోయి నేను చేసిన ఘనకార్యం వింటే మీరే కొట్టేస్తరు. ముందుగాల ఛాయ్ తాగేయండ్రి, నడుమ నవ్వొస్తే ముక్కులకెక్కుతది.

సెలవులకు ముందు ఇదే బల్ల కాడ దోస్తులమందరం కమిటీ పెట్టుకొని ఏం తీర్మానం చేసినం? బి.ఎస్సీ. చదివేటోళ్లు ల్యాబ్‌ల సీసలు కడుక్కుంట కూసుంటే లాభం లేదు, సర్కారుకు దారి చూపాలె, ఒక్కొక్కడు ఒక్క ఊరి బాధ పట్టుకొని రిపోర్టు రాయాలె అనుకున్నం గదా. నేను మా ఊరి బావిని పట్టుకున్న.

మా పల్లె ఎల్లారెడ్డి తాలూకాల, లింగంపేటకు అవతల. ఊరంతటికీ తాగేటందుకు ఒక్కటే మెట్లబావి. అందరూ మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి బిందెలు ముంచుకుంటరు. ఎండకాలం వచ్చిందంటే చాలు, ఎవరికో ఒకరికి కాలు మీద పొక్కు లేసి, దాంట్ల నుంచి దారం అసొంటి తెల్లటి పురుగు బయటికొస్తది. గట్టిగ గుంజితే తెగి కాలంతా వాస్తది. అందుకే పుల్లకు చుట్టి రోజుకింత బయటికి తీస్తరు. నెల పడుతది. ఆ నెల పొలం లేదు, పని లేదు. మా ఊళ్లె దాన్ని నారికురుపు అంటరు. మన ప్రొఫెసర్ సాబ్ ఉర్దూ పాఠంల దీన్నే నారూ అన్నడు, మీకు యాదికుండే ఉంటది.

ఆ పుండు కాలుతోని బావిల దిగితే పురుగు పిల్లలు నీళ్లల్ల పడుతయి. ఆ నీళ్లు తాగినోళ్లకు మళ్ల ఏడాదికి పురుగు. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెడితే రోగం ఖతం. గింతే పని. వానలు పడకముందే చేయిస్తే, మీదటేడు నాట్లకు ఊరు ఊరంతా కాళ్ల మీద నిలబడతది. నాకు అదొక్కటే ఆశ.

కామారెడ్డిల రైలు దిగంగనే అనుమానాలు షురూ అయినయి. నా సంచిల ల్యాబ్ నుంచి తెచ్చిన ఖాళీ సీసలు గలగలమంటున్నయి. బస్సు కాడ దొంగసారా పట్టే ఆబ్కారీ జవాను ఆపి, ఒక్కో సీస మూత తీసి వాసన చూసిండు. వీటిల ఏం నింపుతవన్నడు. బావి నీళ్లన్న. ఇంత చదువుకొని అబద్ధమెందుకు ఆడతవన్నడు. బస్సు పోతుందని బతిమిలాడితే విడిచిపెట్టిండు గని, బస్సు కదిలేదాకా నా మీదికెల్లి చూపు తిప్పలే.

ఊళ్లె ఇంకా ఘోరం. నేను కాయితం, పెన్సిలు పట్టుకొని గడపల నిలబడంగనే ఇంట్లోళ్ల కాళ్లు మాయమైతున్నయి. ఆడోళ్లు చీర కిందికి గుంజుకుంటరు. మొగోళ్లు గోనెసంచి కప్పుకుంటరు. లడాయికి మనుషులను పట్టుకపోయేటందుకే వీడు కాళ్లు చూస్తుండని ఎవరో పుట్టించిండ్రు. కాదు, పట్నం దవాఖానకు తోల్కపోయి కాళ్లు కోస్తరని ఇంకొకరు. మా పక్కింటి ఎల్లన్న అయితే కట్టు కట్టిన కాలు ముందట చాపుకొని, పుట్టినప్పటి సంది నా కాలు గిట్లనే ఉన్నదన్నడు. చిన్నప్పుడు నన్ను ఆ కాలు మీద ఊపిన మనిషే!

నాకు మస్తు కోపమొచ్చింది. వాళ్లు నన్ను అనుమానిస్తే, నేను వాళ్లను అనుమానించుడు మొదలుపెట్టిన. పొద్దుగాల బావి కాడ ఒక మూలకు నిలబడి ఎవరెవరు కుంటుకుంట వస్తుండ్రో చూసి రాసుకున్న. పదహారు ఇండ్లు తేలినయి. నన్ను కన్న మా అవ్వ గూడ జర కుంటుతున్నది గని, అడిగితే ముల్లు కుచ్చిందన్నది. మన అవ్వ అబద్ధమెందుకు ఆడతది? మా ఇల్లు సాఫ్ అని రాసుకున్న.

ఇగ దరఖాస్తు. కచేరీలల్ల ఉర్దూనే నడుస్తది గదా, కూసొని మంచి ఉర్దూల రాసిన. సారం ఏందంటే, బావి నీళ్ల వల్ల ఈ ఊళ్లె ఇంటింటా నారూ పెరుగుతున్నది, పదహారు ఇండ్లల్ల ఉన్నట్టు నేను పక్కాగ తెలుసుకున్న, ఊరోళ్లు దాచిపెడుతున్నరు, సర్కారు వెంటనే వచ్చి ఆపాలె. నారికురుపు అని రాయొచ్చు గదా? రాస్తే చదువుకున్నోని లెక్క కనబడనని భయం.

ఎల్లారెడ్డి కచేరీల గుమాస్తా మన తెలుగాయినే. రెండుసార్లు చదివి, అద్దాల మీదికెల్లి నన్ను చూసి, ఇదేం నారు బాబూ అని మెల్లగ అడిగిండు. గప్పుడన్న చెప్తే అయిపోతుండె. కాని ఆయన నవ్వుముఖం చూసి నాకు అనుమానం. వీడు నా నుంచి ముచ్చట గుంజి ఈ దరఖాస్తును బల్ల కింద తొక్కేస్తడు అనుకున్న. అంతా అండ్లనే రాసున్నది, మీరు పైవాళ్లకు పంపుండ్రి అని కడక్ జవాబిచ్చిన. ఆయన దరఖాస్తు పక్కన ఎర్రసిరాతోని ఏదో రాసిండు.

వారం తిరగకముందే గుర్రం మీద, భూముల లెక్కలు చూసే గిర్దావరు సాబ్ దిగిండు. ఇద్దరు జవానులు, వాళ్ల భుజాల మీద భూములు కొలిచే గొలుసు. బావిని కొలుస్తరు కావచ్చు అనుకొని ఉరికి ఎదురుపోయిన. ఎండల వచ్చిండు పాపం, జవాను బావిల దిగి చెంబు ముంచి తెస్తే గటగట తాగి, ఇంకో చెంబు తెమ్మన్నడు. నేనేమో మనసుల స్పీచు సర్దుకుంటున్న.

"నారు ఏడున్నది?" అని అడిగిండు.

"కాళ్లల్ల సాబ్."

"కాల్వలల్లనా? ఈ ఊరికి కాల్వ లేదు గదా."

పాపం చెవుడు అనుకున్న. కాళ్లు సాబ్, కాళ్లు అని గట్టిగ చెప్పిన. ఎంత ఎదిగిందన్నడు. కొన్ని మూరెడు, కొన్ని రెండు మూరలన్న. అంత ఎదిగినదాన్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నరు, ఏం చేస్తరు అన్నడు. రోజుకింత గుంజి పుల్లకు చుడతరన్న. సాబ్ ముఖం ఎర్రగయింది. ఇగ నాతోని మాట్లాడుడు బందుపెట్టి, ఊరోళ్లందరినీ బావి కాడికి పిలిపించిండు.

"తాగే బావి నీళ్లు తోడి దొంగతనంగ వరినారు పోసినోళ్లు ఎవరు? పదహారు ఇండ్లోళ్లు ముందుకు రాండ్రి."

గప్పుడు సమజైంది నాకు. గుమాస్తా ఎర్రసిరా పుణ్యాన ఉర్దూ నారూ పోయి తెలుగు నారు అయింది! నీళ్లకు కరువొచ్చిన ఎండకాలంల, తాగే నీళ్లతోని నారుమడులు పెంచుతున్నరని నేనే ఊరి మీద చాడీ రాసిన. ఊరోళ్లంతా ఒక్కపారి నా దిక్కు చూసిండ్రు. వీడు సర్కారు మనిషని మేము ముందే అనుకున్నమన్నట్టు.

సాబ్, ఆ నారు కాదు, ఇది రోగం పేరు అని మొత్తుకున్న. ఏదీ చూపించన్నడు. ఎవరు చూపిస్తరు? కాళ్లన్నీ బట్టల కిందికి పోయినయి. మా ఊళ్లె ఏ రోగం లేదు దొరా అని ఎల్లన్న చేతులు జోడించిండు. అంటే ఊళ్లె వరినారు లేదు, నారూ లేదు, ఉన్నది ఒక్క దొంగ దరఖాస్తు. సర్కారుతోని మజాక్ చేస్తవా, నీ యూనివర్సిటీకి రాసి పేరు తీసేయిస్తా అన్నడు సాబ్. నా చదువు పోయె, బావి పోయె.

గప్పుడు మంది ఎనక నుంచి మా అవ్వ వచ్చింది. కుంటుకుంటనే వచ్చింది. సాబ్ ముందట నిలబడి, చీర అంచు జర పైకి పట్టి, పిక్క మీది గుడ్డ విప్పింది. చీపురుపుల్లకు చుట్టి, తెల్లటి పురుగు.

"నా కొడుకు రాసింది గిదే దొరా. నాకున్నదని వానికి గూడ ఎరుక లేదు."

నాకెందుకు చెప్పలేదే అవ్వా అని అడిగిన. "చెప్తే చదువు ఇడిసిపెట్టి నా మంచం కాడ కూసుంటవని," అన్నది. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన. ఊరందరి కాళ్లు దొంగచాటుగ చూసినోన్ని, మా అవ్వ కాలు చూడలే. ఏడుపొచ్చింది, అందరి ముందట ఏడ్చిన గూడ.

అవ్వను చూసి ఎల్లన్న కట్టు విప్పిండు. ఎనుక ఒక్కొక్కరు విప్పిండ్రు. సాబ్ వంగి చూసి, రెండడుగులు ఎనకకు జరిగిండు. ఇది ఎట్లొస్తదన్నడు. హమ్మయ్య, నా సబ్జెక్టుల ప్రశ్న!

"ఈ బావి నీళ్లు తాగితే వస్తది సాబ్."

సాబ్ మెల్లగ జవాను చేతిల చెంబు దిక్కు చూసిండు. "ఎన్ని తాగితే?"

"ఒక్క గుక్క చాలు."

"నేను రెండు చెంబులు తాగిన."

వస్తదో రాదో ఎప్పుడు తెలుస్తదని అడిగిండు. ఏడాది ఆగాలె సాబ్ అన్న. సాబ్ ఆ మెట్ల మీదనే కూలబడి, అక్కడికక్కడ కాయితం తెప్పించుకొని రాసుడు మొదలుపెట్టిండు. పది రోజులల్ల రాళ్లు దిగినయి, మేస్త్రీలు దిగిండ్రు, మెట్లు మూసిండ్రు, గిలక నిలబడ్డది. సాబ్ రెండుసార్లు సొంతంగ వచ్చి పని చూసుకున్నడు, ఎల్లారెడ్డి నుంచి తన నీళ్లు తానే కుండల పట్టుకొని. వచ్చినప్పుడల్లా నన్ను చాటుకు పిలిచి, కాలు చూపించి, ఈడ జర దురద పెడుతున్నది, ఇదేనా అని అడుగుతడు.

అవ్వ కాలు మానుతున్నది. మొన్న నేను బస్సెక్కుతుంటే సంచి అందిచ్చుకుంట చెప్పింది.

"ఈసారి కాయితం గియితం రాయకు కొడుకా. మంచిగ దప్పికైన ఆఫీసరును తోల్కరా."