ఏడంగుళాల తెర ముందు మా నాన్న డ్యూటీ

నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మధ్యాహ్నం రెండింటికి కంప్యూటర్ ముందు కూర్చుని తుపాకుల ఆట ఆడతాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి ఇదేం పని అని అమ్మ మొదట్లో అనేది, ఇప్పుడు అనదు. నా జట్టులో ఇంకో ముగ్గురున్నారు. కాకినాడలో మందుల షాపాయన, భీమవరంలో ఒక క్లర్కు, అమలాపురంలో ఒక పళ్ల డాక్టరమ్మ. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. హెడ్‌సెట్‌లో వినిపించే గొంతులే మా పరిచయం.

ఆ ఎండాకాలం ఆట మధ్యలో నా కంప్యూటర్ వేడెక్కి మొరాయించడం మొదలుపెట్టింది. వేడి ఎంతుందో చూడాలంటే ఆట వదిలి వేరే పేజీకి వెళ్లాలి. ఆ క్షణంలోనే ఎవరో ఒకరు నన్ను కాల్చేసేవారు. అందుకని పెద్ద మానిటర్ పక్కన ఒక చిన్నది పెట్టుకుందామనుకున్నాను. సగం తెర మీద వేడి అంకెలు, మిగతా సగంలో ఆట మ్యాపు.

ఈ మాట భోజనాల దగ్గర అనడమే నేను చేసిన పొరపాటు.

నాన్న గోదావరి ఒడ్డున ఒక పంపుహౌసులో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా పెద్ద పెద్ద మోటార్ల ముందు కూర్చుని, గంటగంటకీ మీటర్లు చూసి లాగ్‌బుక్కులో రాయడమే. ఇంటికొచ్చేశాక ఆయనకు కనిపెట్టుకుని ఉండటానికి ఫ్రిజ్ తప్ప ఏమీ మిగల్లేదు.

"వేడి చూపించే మీటరా?" అని ముద్ద చేతిలోనే ఆపేశారు. "నేనూ వస్తాను. మీటరు ఎంచడం నీకు తెలీదమ్మా."

రాజమండ్రి మెయిన్‌రోడ్డులో షాపాయన అయిదు, ఏడు, పద్నాలుగు అంగుళాల తెరలు మూడు తీసి చూపించాడు. నాకు పద్నాలుగు నచ్చింది. నాన్న దానివైపు చూడనైనా చూడలేదు.

"పన్నెండు అడుగుల నుంచి అంకె చదవగలగాలండి," అన్నారు షాపాయనతో.

"అంత దూరం ఎందుకండీ?"

"పేలితే దగ్గరుండకూడదు కదండీ."

"ఇది పేలదండి."

"మా మోటార్లూ ఎప్పుడూ పేలలేదండి. అయినా దూరంగానే కూర్చున్నాం."

షాపులో పన్నెండు అడుగుల చోటు లేదు. నాన్న అడుగులో అడుగు వేసి కొలుచుకుంటూ వెనక్కి నడిచి, మెట్టు దిగి, రోడ్డు అంచున ఆగారు. షాపాయన వైరు అందినంత దూరం వచ్చి, షాపు కంప్యూటర్ వేడి అంకె చూపిస్తున్న ఏడంగుళాల తెరను గుండెలకు ఆనించి పట్టుకున్నాడు.

"డెబ్బై ఒకటి!" అని నాన్న అరిచారు.

"డెబ్బై ఏడండీ!"

ఒక ఆటో ఆగింది. డ్రైవరు కళ్లు చికిలించి చూసి, "డెబ్బై ఒకటేనండీ బాబాయిగారూ," అన్నాడు. వెనక సీట్లో ఆకుకూరల గంపతో కూర్చున్నావిడ తల బయటపెట్టి, "పైన గీత కనపడట్లా? ఏడే," అంది. వెనక సిటీబస్సు హారన్ కొడుతూనే ఉంది. ఆవిడ మాత్రం తేలేదాకా ఆటోను కదలనివ్వలేదు.

చివరికి నాన్న తీర్పు చెప్పారు. "ఏడు ఇంచులదే ఇవ్వండి. అంకె తెరంతా వచ్చేట్టు పెట్టండి."

"మరి మ్యాపో?" అన్నాను.

"మ్యాపెందుకమ్మా? నువ్వెక్కడున్నావో నీకు తెలీదా?"

ఆ ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, నా వెనక సరిగ్గా పన్నెండు అడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నారు. ఒళ్లో కొత్త లాంగ్ నోట్‌బుక్. అయిదు నిమిషాలకొకసారి "అరవై ఎనిమిది! నార్మల్!" అని కేక.

"ఎవరండీ అది?" అని హెడ్‌సెట్‌లో కాకినాడాయన గాభరాగా అడిగాడు.

"మా నాన్నగారండి."

అంకె ఎనభై అయిదు దాటగానే నాన్న లేచి గోడ దగ్గర స్విచ్ కట్టేశారు. "ట్రిప్ చేశాను," అన్నారు శాంతంగా. ఇంకో నిమిషంలో గెలిచేవాళ్లం.

"కంప్యూటర్ నాది నాన్నా!" అని అరిచాను.

"నీదేనమ్మా. వేడి నాది."

సాయంత్రం టీ తాగేటప్పుడు రాజీకొచ్చాం. తొంభై దాటేదాకా ఆగాలి, కట్టేసేముందు రెండుసార్లు హెచ్చరించాలి. ఆ షరతులు నోట్‌బుక్కులో రాసి నాచేత సంతకం పెట్టించుకున్నారు.

మరుసటి వారం ఆయన పెద్దాపురంలో పెళ్లికి వెళ్లారు. మేం ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. "నాన్నగారు లేరాండీ? ఏదో వెలితిగా ఉందండి," అన్నాడు కాకినాడాయన. నాకూ అలాగే ఉంది. ఆ పై ఆదివారం అతనే అడిగాడు. "నా కంప్యూటర్ వేడి కూడా కాస్త చూస్తారేమో సార్‌ని అడగండి."

మిగతా ఇద్దరూ మాకూ అన్నారు. నాన్న నోట్‌బుక్కులో స్కేలు పెట్టి నాలుగు గడులు గీశారు. నా హెడ్‌సెట్ తీసేసి స్పీకర్ పెట్టాల్సి వచ్చింది.

"కాకినాడ?"

"డెబ్బై రెండు సార్."

"భీమవరం?"

"డెబ్బై తొమ్మిదండీ."

"ఫ్యాను తుడవండి. అమలాపురం? అమలాపురం, రీడింగ్!"

"చచ్చిపోతున్నానండీ, చుట్టుముట్టేశారు!" అంది డాక్టరమ్మ.

"రీడింగ్ ఇచ్చి చావండమ్మా."

"ఎనభై నాలుగు," అని చెప్పి ఆవిడ ఆటలో ప్రాణం విడిచింది. నాన్న రాసుకున్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ, "రిటైరయ్యాక మీ నాన్న గొంతు ఇంత గట్టిగా వినడం ఇదే మొదలు," అంది.

పోయిన ఆదివారం భీమవరం క్లర్కు ఏదో ఫంక్షన్ ఉందని సెలవడిగాడు. నాన్న ఆలోచించి, "మీ బదులు ఎవరిని పెడుతున్నారండీ?" అన్నారు. అతను వాళ్లావిడను కూర్చోబెట్టి వెళ్లాడు. ఆవిడకు ఆట అస్సలు రాదు, మొదటి నిమిషంలోనే చచ్చిపోయింది. రీడింగులు మాత్రం సాయంత్రం దాకా టంచనుగా ఇచ్చింది.