ఆదివారం సాంబ్రాణి

తిరుపతయ్య అంకుల్ ఏం చేస్తాడని అడిగితే డబ్లిన్ తెలుగువాళ్లు కాస్త గొంతు తగ్గించేవాళ్లు. ఆయన భార్య దమయంతి ఆంటీ లెపర్డ్స్‌టౌన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్. ఆవిడ వీసా మీద వచ్చిన అంకుల్ క్లాండాల్కిన్‌లో ఒక షెడ్డులో లారీలకు బాడీలు కట్టేవాడు. బెజవాడ ఆటోనగర్‌లో వాళ్ల నాన్న బస్సులకు చేసిన పనే. ఉగాది ఫంక్షన్‌లో ఎవరైనా "ఏ కంపెనీ అండీ?" అంటే గోళ్ల కింద నలుపు చూపించి "ఇదేనండీ నా ఐడీ కార్డు" అనేవాడు.

మెయ్‌నూత్ కాలేజీలో నేను చదువు మధ్యలో మానేశాక, నాతో మామూలుగా మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే. మా నాన్నకీ నాకూ మాటల్లేవు. ఊరంతా కొత్త ఆఫీసులు, ఉండడానికి గది మాత్రం దొరకదు. రెండేళ్లు గోడౌన్‌లో పెట్టెలు మోసి దాచిందంతా పెట్టి, మంచం, వంటగట్టు అన్నీ లోపలే ఉండే పాత మోటార్‌హోమ్ కొని అందులోనే ఉందామనుకున్నాను. పనికిరాని బండి అంటగట్టారా, మళ్లీ నాన్న గుమ్మమే దిక్కు. అందుకే 2017 వేసవిలో ఒక ఆదివారం అంకుల్‌ని వెంటబెట్టుకెళ్లాను.

అమ్మేవాళ్లు లక్ష్మీనారాయణగారు, అనురాధగారు. బండి ఇంటి ముందే ఉంది.

"పైకప్పు చూస్తే బండిని చూసినట్టేరా. ముందు ముక్కు, తర్వాత వేళ్లు, ఆఖర్న కళ్లు" అని దారంతా పాఠం చెప్పిన మనిషి, తలుపు తీయగానే గడప మీదే ఆగిపోయాడు. లోపల సాంబ్రాణి వాసన.

"మా నాన్న ఇంతే" అన్నాడు కళ్లు మూసుకుని. "శుక్రవారం సాయంత్రం, సీట్లు ఇంకా బిగించని బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరికి ధూపం పట్టుకుని తిరిగేవాడు. అది అయితేగానీ బస్సు షెడ్డు దాటేది కాదు."

అనురాధగారిదీ బెజవాడే. ఇక చూస్కోండి. పటమట, బందరు రోడ్డు, కాలవ గట్టు... అరగంట కబుర్లు. చివర్లో అంకుల్ బండి గోడ మీద ఒకసారి అరచెయ్యి వేసి, "బాగుందిరా, తీసుకో" అన్నాడు.

కారెక్కాం. తాళం తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"లోకేశూ, ఇవాళ ఏ వారం?"

"ఆదివారం."

"మీ అమ్మ సాంబ్రాణి ఎప్పుడేస్తుంది?"

"శుక్రవారం."

"వాళ్ల ఇంటి గుమ్మంలో నిలబడ్డాం కదా. అక్కడ వాసన లేదు. బండిలోనే ఎందుకేసినట్టు?"

దిగి వెనక్కి నడిచాడు. నిచ్చెన అడిగాడు. కప్పు మీద గాలి కిటికీ చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన తెల్లటి కొత్త సిలికాన్, దాని కింద పగుళ్లిచ్చిన పాతది. లోపలికొచ్చి మంచం పైనున్న అలమరలో దుప్పట్లు తీయించి, మూల బొటనవేలు పెట్టి నొక్కాడు. తడిసిన అట్టలోకి దిగినట్టు గోరంతా దిగింది.

"ఇందాక బాగుందన్నారుగా!" అన్నారు లక్ష్మీనారాయణగారు.

"ఇందాక నేను చూసింది మా నాన్న బస్సండీ. మీ బండి ఇప్పుడే చూస్తున్నా."

అనురాధగారు తల వంచుకున్నారు. "ఎంత తుడిచినా ముక్కిన వాసన పోలేదు అన్నయ్యగారూ. తెలుగువాళ్లు వస్తున్నారు కదా అని..."

"మోసం" అన్నాను.

"నోరు ముయ్యరా. బాగుందని నీకు చెప్పింది నేను" అన్నాడు అంకుల్.

నేల నుంచి కప్పు దాకా వేలి మెటికలతో కొడుతూ, చెవి ఆనిస్తూ గంటసేపు తిరిగాడు. నేను మెట్టు మీద కూర్చుని, నాన్నతో మొదటి మాట ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను.

"కప్పొక్కటే పోయింది" అన్నాడు చివరికి. "గోడలు గట్టివే. ఊడబీకి నేను కడతా. సుత్తి పట్టుకుంటావా?"

ధర సంగతి పెద్దవాళ్లిద్దరూ తేల్చుకున్నారు. బండి షెడ్డుకొచ్చింది. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో సర్వర్లు పెట్టే కిటికీల్లేని భవనం ఒకటి నిలబడి రాత్రింబగళ్లు గుయ్యిమంటోంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు మాత్రం సుత్తి చప్పుడే వినపడుతుంది, దాని వెనకే ఆయన తిట్లు: "వంకర మేకు కొట్టేవాడికి చదువెలా వస్తుందిరా!" కాలేజీలో ఎవడూ నన్ను అంత శ్రద్ధగా తిట్టలేదు.

ఐదు వారాలు పట్టింది. పని ముగిసింది శుక్రవారం. ఆంటీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, సంచిలో సాంబ్రాణి పొట్లం, డబ్బాలో పులిహోర.

"ఇప్పుడే వద్దు" అన్నాడు అంకుల్. "ముందు వాన పడాలి."

"ఐర్లాండ్‌లో వాన కోసం ఎదురుచూసే మగాడు మీరొక్కరే" అంది ఆంటీ.

బండిని షెడ్డు బయటికి తీశాం. ఆరింటికి వాన మొదలైంది. ముగ్గురం లోపల కూర్చుని, పులిహోర తింటూ, మెడలు పైకెత్తి కప్పునే చూశాం. గంట. గంటన్నర. అంకుల్ లేచి అలమర తెరిచి, మూల బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలిని చొక్కాకి రాసి చూసుకున్నాడు.

"వెయ్యవే ధూపం" అన్నాడు.