చుట్టానికి కింది చెక్క

చేతిరాత బాగుంటుందన్న పేరు వల్ల నాకు మేలు జరిగింది ఒక్కసారి కూడా లేదు. ఓటర్ల జాబితా అయినా, ఏ సర్వే అయినా, నందిగామలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే నన్నే వెతుక్కుంటూ వస్తారు. ఆ వేసవిలోనూ అలాగే వచ్చారు. వత్సవాయి అవతల ఒక కొండని అభయారణ్యం చేయాలన్న ప్రతిపాదన వచ్చిందట. కొండ కింద పేటలో జనం ఏమంటారో విని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలి. “మీ సొంత తెలివి ఏమీ కలపొద్దు మేడం,” అన్నారు ఆ పని చూస్తున్న అధికారి. నాకు ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం కలిపితే ఒట్టు అనుకున్నాను.

పేటలో చర్చి వరండాలో బల్ల వేశారు. ఫారంలో మూడు గళ్ళున్నాయి. పేరు, చూసిన అడవి జంతువులు, చెప్పదలచుకున్న మాట. అందరికంటే ముందు ఒక మామ్మ వచ్చి కూర్చుంది. మేకలు కాస్తుంది. పేటలో చివరి ఇల్లు ఆమెదే, దాని వెనక ఇక కొండే.

“అడవి జంతువులు ఏమైనా కనబడ్డాయా మామ్మా?”

“కుందేళ్ళు, పందులు ఉంటయ్ టీచరమ్మా. మా ఇంటికి వచ్చేది మాత్రం చుట్టమే.”

“చుట్టమా?”

ఆమె ఒకసారి కొండవైపు చూసి గొంతు తగ్గించింది. “మొన్న పొద్దుగూకే ఏళకి వచ్చాడు. గుమ్మం ముందు కూకున్నాడు. ఏం మాట్లాడలా. ఇంట్లోకే చూస్తా ఉన్నాడు. లోపల నా మనవరాలు ఒక్కతే ఉంది. కాసేపుండి లేచి, పోతా పోతా మేకపిల్లని పట్టుకుపోయాడు.”

“మీరు ఊరుకున్నారా?”

“చుట్టాన్ని ఏమంటాం తల్లీ.”

మా వాళ్ళలోనూ అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పెళ్ళికి వచ్చి మిగిలిన లడ్డూలు సంచిలో పోసుకుపోతాడు. ఆయన కనీసం మాట్లాడతాడు కదా అనుకుని లోపల నవ్వుకున్నాను.

“ఇంకేం రాయమంటారు?”

“కొండ కింది చెక్క, ఆ నేల ముక్క, ఆయనకే వదిలెయ్యమని రాయి. అది మొదట్నుంచీ ఆయనదే. అది కూడా తీసేసుకుంటే ఆయన మా మీదకి వస్తాడు.”

చెప్పింది చెప్పినట్టు రాశాను. కింది చెక్క చుట్టానికి వదిలివేయవలెను. ఆమె వేలిముద్ర వేసింది. తర్వాత వచ్చినవాళ్ళు కూడా చాలామంది చుట్టం మాటే ఎత్తారు. ఒకాయన ఇంటికి రెండుసార్లు వచ్చాడట. ఒకామె బట్టలు ఉతుకుతుంటే బండ మీద నుంచి చూశాడట. ఈ పేట మొత్తం ఒకటే వంశం కాబోలు, ఆ మనిషికి మతి సరిగా లేదు కాబోలు అనుకున్నాను. పాపం ఎవరూ ఆస్పత్రికి చూపించలేదేమో అని జాలి కూడా పడ్డాను.

కొన్నాళ్ళకు ముసాయిదా మ్యాప్ పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. అభయారణ్యం గీత కొండ నడుముదాకా వచ్చి ఆగిపోయింది. కింది భాగం బయటే ఉండిపోయింది. అక్కడ రాయి తవ్వుకుంటామని ఎప్పటినుంచో అడుగుతున్నవాళ్ళున్నారు. మ్యాప్ పక్కనే అంటించిన అభిప్రాయాల జాబితాలో మామ్మ మాటకు ఎదురుగా అధికారి ఒక్క ముక్క రాశారు: కుటుంబ ఆస్తి తగాదా, మా పరిధిలోనిది కాదు.

ఆ వారంలోనే మామ్మ బస్సెక్కి మా బడికి వచ్చింది. “చుట్టానికి చెక్క లేకుండా చేశారేంటి టీచరమ్మా,” అంది. నాకు విసుగొచ్చింది. మీ ఇంటి తగాదాలు మీరు తేల్చుకోవాలి, ఎమ్మార్వో దగ్గరికి వెళ్ళండి అన్నాను. ఆమె నా మొహంకేసి చూసింది. “నీకు తెలవదా?” అంది. “సరే, ఆదివారం నేను చర్చికెళ్ళొచ్చాక మా ఇంటికి రా.”

వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆమె ఇంటి ముందు నేల ముందురోజు సాయంత్రమే అలికిందట. ఆరిపోయిన ఆ అలుకులో, గుమ్మానికి ఎదురుగా, నా అరచేయంత గుర్తులు నాలుగు దిగబడి ఉన్నాయి. ఒక్కో గుర్తులో నాలుగు గుండ్రటి వేళ్ళు, వెనక వెడల్పాటి గుంట. వాటి వెనక తోక అటూ ఇటూ ఊపినట్టు నేల చెరిగిపోయి ఉంది.

“ఇదుగో, ఇక్కడే కూకున్నాడు,” అంది మామ్మ. “ఇటే మొహం పెట్టి.”

బడిలో గోడ మీద జంతువుల చార్టు ఉంది. అందులో రెండో వరుసలో, ఎలుగుబంటి పక్కన ఉండే మచ్చలదే ఈ చుట్టం. చెట్లు కూడా ఎక్కుతుంది. ఏటా దాన్ని పిల్లలకు బెత్తంతో చూపించి పేరు చదివిస్తాను. నేను కూర్చున్న చోటు ఆ గుర్తుల పక్కనే ఉందని గమనించి లేచి నిలబడ్డాను.

“పేరెత్తితే పిలిచినట్టు, తల్లీ. మా పేటలో ఎవరూ ఎత్తరు,” అంది మామ్మ. “కింది చెక్కలో చెలమ ఉంది. ఆయనకి నీళ్ళు అక్కడే. తవ్వితే చెలమ పోద్ది. అప్పుడు నీళ్ళకి మా తొట్టికే రావాలి. నా మనవరాలు నీళ్ళు పోసుకునేది ఆ తొట్టి కాడే.”

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్పింది చెప్పినట్టు రాశానన్న పొగరు కొద్దీ ఒక పసిపిల్ల ప్రాణం మీదకు తెచ్చింది నేను. ఆ సాయంత్రమే కూర్చుని అభ్యంతర పత్రం కొత్తగా రాశాను. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

రెండో విడత విచారణ వత్సవాయిలో ఒక హాల్లో పెట్టారు. పేట జనమంతా ఆటోల్లో వచ్చారు. వీడియో తీస్తున్నారు. అధికారి మర్యాదగానే అడిగారు. “కాగితం మీద ఉంటే చాలదు మామ్మ గారూ. మీ ఇంటికి వచ్చేది ఏ జంతువో అందరి ముందూ పేరు చెప్పాలి.”

మామ్మ మైకు పట్టుకుంది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. పేట జనం ఒక్కొక్కరే తల దించుకున్నారు. కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన, పట్టపగలు, లేచి కిటికీ రెక్క మూసి గడియ పెట్టాడు.

నేను వెళ్ళి ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాను. తప్పు నాది, నేనే చెప్పాలి అనిపించింది. చార్టు దగ్గర పిల్లలకు చెప్పినట్టే, గట్టిగా, స్పష్టంగా ఆ పేరు చెప్పాను.

“టీచరమ్మ చెప్పిందే,” అంది మామ్మ. అది రాసుకున్నారు. బయటకు వచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. “నా మనవరాలి కోసం నువ్వు పిలిచావ్. ఇక నీకూ చుట్టమే,” అంది, జాలిగా.

సవరించిన మ్యాప్‌లో గీత కిందికి దిగింది. చెలమ లోపలికి వచ్చింది. సంతోషంగా మా ఆయనకు చూపించి, ఇదుగో నా చేతిరాత అన్నాను. నెల తిరక్కుండా మామ్మ ఫోన్ చేసింది. “ఈ మధ్య మా గుమ్మానికి రావట్లా టీచరమ్మా. నేల అలికింది అలికినట్టే ఉంటంది,” అంది. మంచిదే కదా మామ్మా అన్నాను. “నువ్వు బాగుండావా?” అని అడిగింది ఆమె.

బాగానే ఉన్నాను. మాది నందిగామలో నాలుగు వైపులా ఇళ్ళున్న వీధి. బస్సుల హారన్లు వంటింట్లోకి వినిపిస్తాయి. కొండ కనుచూపు మేరలో లేదు. అయినా ఆ రోజు తర్వాత ఆ పేరు నా నోటి వెంట రాలేదు. బడిలో చార్టు దగ్గర ఆ బొమ్మ వచ్చేసరికి పిల్లల్నే చదవమంటాను. ఇది రాస్తూ కూడా ఎక్కడా పెట్టలేదు, కావాలంటే వెనక్కి వెళ్ళి చూసుకోండి.

పొద్దుగూకే వేళకు గేటు లోపల ఒక గిన్నెతో నీళ్ళు పెడుతున్నాను. వీధి కుక్కలకని చెప్పాను మా ఆయనతో. ఇదివరకు మా గేటు దగ్గరే పడుకునే కుక్కలు ఇప్పుడు ఇటువైపు రావడం లేదు. పొద్దున్నే చూస్తే గిన్నెలో నీళ్ళు సగానికి తగ్గి ఉంటాయి. ఎండకి ఆవిరైపోతున్నాయండి అంటాను. రాత్రిపూట ఎండేమిటని ఆయన ఇంతవరకు అడగలేదు.